మునెమ్మ వెన్న

చిత్తూరు, మంగళవారం

కరోనాలో బ్రిటన్‌వాళ్ళు ఇళ్ళలోనే ఉండి వెన్న, బ్రెడ్డు మీద పూసుకునేవి మునుపటికంటే ఎక్కువగా కొన్నారని మనవరాలు పేపరు చూసి చెప్పింది. అదే కరోనాలో నేను, ఇరవై ఏళ్ళుగా వెన్న తెచ్చే మునెమ్మను గేటు బయటే ఆపేశాను. రుచి చూడమని మన చేతి మీద వేలితో వెన్న రాయడం ఆమె అలవాటు. ఆ వేలికి భయపడ్డాను. ప్యాకెట్ వెన్నకు మారాము. నన్ను చూసి వీధంతా ఆమె దగ్గర కొనడం మానేసింది.

ఈరోజు సంతలో కనబడితే అరకిలో తెమ్మన్నాను.

"యాడిదమ్మా వెన్న? బర్రెల్ని అప్పుడే అమ్మేస్తిమి. మీరే వద్దంటే ఇంగెవురు కొంటారు?" అని నవ్వింది. వెళ్ళబోతూ ఆగింది. "మీ ఇంట్లో సామాన్లు తోమే పనుంటే చెప్పమ్మా. చేతులు సబ్బుతో కడుక్కొనే వస్తా."