శ్యామసుందర్ పుస్తకంలో సున్నా

భిలాయి, సెక్టార్ 7

వదినా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోనులో చెబితే ఇంట్లో ఉన్న చుట్టాలు వింటారని కార్డు రాస్తున్నాను.

మీ చిన్న తమ్ముడు శ్యామసుందర్ నలభై ఆరేళ్ళకే ఉద్యోగం మానేసి, పెళ్ళాం కూతురితో ఊళ్ళు తిరుగుతున్నాడు కదా. ముగ్గురికీ ఏడాదికి నాలుగు లక్షలే ఖర్చయ్యిందని నిన్న పక్క క్వార్టర్ల వాళ్ళను కూర్చోబెట్టి ఖర్చుల పుస్తకం చదివి వినిపించాడు. అందులో "భిలాయి, ఇరవై మూడు రోజులు, భోజనం సున్నా" అని ఉంది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ సున్నా ఏటి శ్యామూ?" అన్నాను.

"ఇక్కడ మాకేటీ ఖర్చవ్వలేదు కదా వదినా!" అని నవ్వాడు.

మీ పెద్ద తమ్ముడి ఫస్ట్ షిఫ్టు అన్నం డబ్బా కోసం నాలుగున్నరకే లేస్తాను. మళ్ళీ పదింటికి వీళ్ళకు దిబ్బరొట్టెలు వేసింది ఎవరట?

మీ మోకాలి నొప్పి తగ్గిందా? మీరు పంపిన మాగాయ వీళ్ళే ఖాళీ చేశారు, ఇంకో సీసా పంపండి. అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

నెలాఖరుకు వీళ్ళు మీ బొబ్బిలికే వస్తున్నారు. నాకు డబ్బు అక్కర్లేదు వదినా, ఆ సున్నా పక్కన "వదిన వండింది" అని రాస్తే చాలు. మీరు మాత్రం "అక్క వండింది" అని రాయించాకే కంచం పెట్టండి.

మీ కుముదిని