పుష్యమాసంలో వచ్చిన పరీక్షబండి

తమ్ముడు జైతుకు,

నువ్వు మంచిగున్నవా? మరదలి మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లల దగ్గు పోయిందా?

నా బిడ్డ రాజుబాయికి గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అంట. "క్యాన్సర్ చూసే పరీక్షబండి మీ గూడేనికే వచ్చె గదా, ఒక్క ఆడామె గూడ రాకపోతిరి" అని ఇక్కడి సర్కారు దవాఖాన డాక్టరమ్మ నన్నే కసిరింది. నాకు ఒళ్లు మండింది. ఆ బండి ఒక్కసారే వచ్చింది. అది కూడా పుష్యమాసంలో, మన గోండోళ్లంతా నాగోబా జాతరకు పోయిన నాడు. మళ్ల రాలే. రోడ్డు పక్క ఊళ్లకైతే మాటిమాటికి పోతది.

"గా జాతరకు మీ ఆఫీసర్లే వస్తరు గదమ్మా, మేం ఇంట్ల ఉండమని తెల్వదా?" అన్న.

"నన్నడిగితే ఏం లాభం?" అన్నది. మరి ఎవరిని అడగాలె?

బిడ్డకు రక్తం ఆగుతలేదు. బస్సులో ఎట్ల కూసుంటదో అని ఒకటే ఫికర్. డాక్టరమ్మ మీ కరీంనగర్ పెద్దదవాఖానకు పొమ్మన్నది. ఆడ నువ్వు నా పక్కన నిలబడాలె, నేనొక్కదాన్నే అడిగితే ఎవరూ వినరు. పన్నెండో తారీఖు, సోమవారం పొద్దుగాల వస్తున్నం.

నీ అక్క