బందరు కాలువలో ప్లాస్టిక్ గింజలు

12 ఆగస్టు 1976, గురువారం

బందరు కాలువ ఒడ్డున చేపలమ్మే నాంచారమ్మ ఇవాళ ఒక జెల్ల చేప పొట్ట కోసి చూపించింది. లోపల తెల్లటి ప్లాస్టిక్ గింజలు.

"చేపలకి సగ్గుబియ్యం మేపావా అని నవ్వి పోతన్నారు బాబూ. పొద్దుటి నుంచీ ఒక్క బేరం లేదు" అంది.

అవి ఎగువనున్న ప్లాస్టిక్ బిందెల ఫ్యాక్టరీవి, కరిగించి బిందెలు పోసే ముడిసరుకు. నేల మీద ఒలికిన గింజలను అక్కడ నీళ్లు కొట్టి తూములోంచి కాలువలోకి తోసేస్తున్నారు. కళ్లారా చూశాను. తూముకు ఇనప జాలీ బిగించవచ్చు కదా అని మేనేజర్ని అడిగాను.

"పెట్టి చూశామండీ. గంటకే గింజలతో మూసుకుపోతోంది. అందుకే తీసేయించాం" అన్నాడు, నాకు టీ తెప్పిస్తూ.

తాగకుండా వచ్చేశాను. చీపురుతో ఊడ్చి ఎత్తుకుంటే సరిపోయేది! జాలీ గంటకే మూసుకుపోతోందన్న అతని మాటనే వార్తకు మొదటి వాక్యంగా పెట్టాను. ఎడిటర్ గారు దాన్ని ఉంచుతారో లేదో... నాంచారమ్మకు మాత్రం రేపూ ఆ కాలువ చేపలే దిక్కు.