లస్మిని అక్క చదివిన పేజీ

జోగ్జా,
ఉపవాసాల నెలకు ముందు

ప్రియమైన లస్మిని అక్కకు,

నువ్వు క్షేమంగా ఉన్నావని రోజూ పొద్దున్నే మీ సోలో ఊరి రేడియోలో నీ గొంతే చెబుతూనే ఉంది కాబట్టి ఆ మాట అడగను. అడగాల్సింది వేరే ఉంది. నిన్న శ్రోతల సందేశాలు చదువుతూ ఒకావిడ పేరు దగ్గర తడబడి, దగ్గి సర్దుకున్నావు. అంధుల బడి హాస్టల్లో నీ పక్క మంచం నాది. నీ దగ్గుల్లో ఏది నిజమైందో ఏది దొంగదో నాకు తెలియదా? ఉన్న కాస్త చూపూ ఇంకా తగ్గింది కదూ.

చెబితే నీకు కోపమొస్తుంది. అయినా చెబుతాను. ఆ భూతద్దాన్ని నమ్ముకుని ఇంకెన్నాళ్ళు? స్టేషన్ వాళ్ళు మంచివాళ్ళే, కానీ సందేశాలు చదవలేని మనిషికి మైకు ఎందుకిస్తారు? ఆ మైకు లేకపోతే నువ్వు ఏమవుతావో తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది. మాలాగా స్క్రీన్ రీడర్ నేర్చుకో. తెరమీద ఉన్నదంతా అదే చదివి చెవిలో చెబుతుంది.

నేను నడిపే ‘చేతికర్ర’ సైటులో అన్నీ పెట్టాను. ఉచితంగా స్క్రీన్ రీడర్ ఎక్కడ దొరుకుతుంది, ఏ రైలు టికెట్ల సైటులో బటన్లకు పేర్లున్నాయి, ఏ దుకాణం సైటులో ఎంతసేపు తడిమినా “బటన్, బటన్, బటన్” తప్ప ఏమీ వినపడదు, ఫోటో తీసి పంపితే అందులో ఏముందో చెప్పే సైటు ఏది, అన్నీ నేనే వాడి చూసి రాస్తున్నాను. మర్దనకు వచ్చేవాళ్ళు ఒకరు లేచి ఇంకొకరు పడుకునేలోపు నా పని ఇదే. దేశం ఆ చివర ఆచే నుంచి ఈ చివర పాపువా దాకా మనవాళ్ళు చదువుతున్నారు. నువ్వొక్కదానివే చదవవు. మా ఆయనతో ఈ మాట అంటే, “మీ అక్క మహారాణి. మహారాణులు కర్ర పట్టుకుంటారటే?” అన్నాడు.

కోపం తగ్గాక జవాబు రాయి.

నీ భుజం పట్టుకుని నడిచిన
వినార్ని


సోలో

ముద్దుల చెల్లెలు వినాకి,

కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈ జన్మలో జవాబు రాయలేనని ఇప్పుడే రాస్తున్నాను.

అంగడికి వెళ్ళేటప్పుడు మీరంతా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి రైలు కడితే, ఇంజను ఎవరే? ఎవరి జాకెట్టు తిరగబడిందో, ఎవరి పళ్ళెంలో సోయా వేపుడు ముక్క మీద చీమ పాకుతోందో చెప్పిందెవరు? ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు మీకు చదివి వినిపించిందెవరు? గుడ్డివాళ్ళ రాజ్యంలో ఒంటికన్ను వాడు రాజంటారు. నాకు ఒంటికన్నులో సగమే ఉండేది, అయినా మీ అందరినీ ఏలాను. ఇప్పుడొచ్చి ఇంజను చేతికి కర్ర ఇస్తానంటావా?

మీ స్క్రీన్ రీడర్ గొంతు ఒకసారి విన్నాను. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. అది చెవిలో పెట్టుకుని నేను శ్రోతలకు కబుర్లు చెప్పాలా? నా కళ్ళతో చదవలేని రోజు మైకు నేనే వదిలేస్తాను. ఎవరూ లాక్కోనక్కర్లేదు.

నీ సైటు చూస్తాలే. కళ్ళతోనే చూస్తాను, అక్షరాలు పెద్దవి చేసుకుని. మీ ఆయనకి చెప్పు, మహారాణి అడిగిందని.

నీ ఇంజను
లస్మిని


జోగ్జా,
ఉపవాసాల నెల

ప్రియమైన ఇంజనుగారికి,

నీ జవాబు మా ఆయనకు వినిపిస్తే నవ్వి నవ్వి టీ ఒలకబోశాడు. ఉపవాసం విడిచే వేళ ఆ ఒక్క టీ కోసమే ఎదురుచూశాడు పాపం.

పండగ వస్తోంది కదా, సైటుకు కొత్త బట్టలు వేశాను. అందులో రంగుల పట్టీ ఒకటుంది. పేర్లు ఒక్కొక్కటే చదివించుకుని, పేజీకి ‘మల్లె’, అక్షరాలకు ‘వెన్నెల’ ఎంచుకున్నాను. ఎంత బాగున్నాయో కదా పేర్లు. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన మొదటి సింగారం ఇది. చదివినవాళ్ళంతా బాగుందంటున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం పేజీ ఖాళీగా వస్తోందని రాశారు. వాళ్ళ ఊళ్ళలో సిగ్నల్ సరిగా ఉండదు, కాసేపాగి మళ్ళీ తెరవమని చెప్పాను.

నీ కోసమే ఒక కొత్త పేజీ రాశాను. నువ్వు తిట్టుకున్నా సరే. మాట్లాడి బతికేవాళ్ళ సంగతి అది. స్క్రీన్ రీడర్‌ను ఒక చెవిలో పెట్టుకోవాలి. అది చదివే వాక్యం వింటూనే, ఒక్క అడుగు వెనకగా మన గొంతుతో మనం చెప్పాలి. మలాంగ్‌లో ఒక టీచరమ్మ పాఠాలన్నీ ఇలాగే చెబుతోంది. మొదట్లో నాలుక మడతపడుతుందట, తర్వాత అలవాటైపోతుందట.

చదివి ఎలా ఉందో చెప్పు. చదవకుండా బాగుందని మాత్రం అనకు.

నీ
వినార్ని


సోలో

ముద్దుల వినాకి,

చదివాను. అక్షరం పొల్లుపోకుండా చదివాను. నీ మల్లె వెన్నెలలు కళ్ళకు హాయిగా ఉన్నాయి. భూతద్దం అడ్డం పెట్టుకున్నా బాగా కనిపించాయి.

రైలు టికెట్ల గురించి నువ్వు రాసింది నిజమే. చివర డబ్బు కట్టే బటన్ పేరు చెప్పదని, దాని ముందున్న గడి మీద నుంచి ఒక్క మెట్టు దిగాలని రాశావు చూడు, అలాగే చేశాను. లెబారన్ పండగ వెళ్ళాక మన హాస్టల్ పిల్లల కలయికకు జోగ్జా టికెట్ కొనేశాను. పిల్లలట. అందరికీ మోకాళ్ళ నొప్పులే. నువ్వు మెచ్చుకున్న వంటల సైటు విషయంలో మాత్రం నీ అంచనా తప్పు. సంబల్ కారం గురించి చెప్పేలోపు అది పది ప్రకటనలు మోగిస్తోంది, విసుగొచ్చి మూసేశాను. ఆ సైటును మంచివాటి వరసలోంచి తీసెయ్.

మాట్లాడి బతికేవాళ్ళ పేజీ కూడా చూశాను. నాకు అవసరం లేదనుకో, టీచరమ్మ సంగతి బాగుంది.

నా కార్యక్రమం హాయిగా సాగుతోంది. సాయంత్రం కూడా ఒక గంట చెయ్యమంటున్నారు. ఇక ఆ భయాలు పెట్టుకోకు.

నీ
లస్మిని అక్క


జోగ్జా,
లెబారన్ వెళ్ళాక

ప్రియమైన, అతి తెలివైన అక్కకు,

పండగ మర్నాడు సుగెంగ్ గారు నడుము నొప్పితో వచ్చారు. నాకు పాత గిరాకీ, కళ్ళున్న మనిషి. మర్దనయ్యాక మాటల్లో సైటు గురించి గొప్పలు చెప్పుకున్నాను. ఆయన తన ఫోనులో తెరిచారు.

“ఏమ్మా వినార్నీ, ఇందులో ఏమీ లేదే?”

“సిగ్నల్ లేదేమో చూడండి.”

“సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. పేజీ మాత్రం తెల్లగా ఉంది, ఉతికి ఆరేసిన దుప్పటిలాగా.”

నా ఫోను ఆయన చేతిలో పెట్టి, నా స్క్రీన్ రీడర్‌తో చదివించాను. ఆయన వింటూ వింటూ, “ఓహో, తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాశావా తల్లీ,” అని మళ్ళీ నడుము పట్టేసేలా నవ్వారు. మల్లె తెలుపట. వెన్నెలా తెలుపేనట. పేర్లు అంత వేరుగా ఉంటే రంగులూ వేరుగా ఉంటాయనుకున్నాను. నా కంప్యూటర్ తెర నేనెప్పుడూ ఆర్పేసే ఉంచుతాను. ఇంట్లో చూసేవాళ్ళెవరున్నారు? పాపం, ఖాళీ పేజీ అని రాసిన ఆ ముగ్గురూ కాస్త చూపున్నవాళ్ళు. వాళ్ళకు క్షమాపణ రాశాను. సుగెంగ్ గారు పక్కన కూర్చుని రంగులు మార్పించారు.

ఆయన వెళ్ళిపోయాక నీ ఉత్తరం గుర్తొచ్చి, మళ్ళీ చదివించుకున్నాను.

అక్కా, ఉపవాసాల నెల మొదటి నుంచి ఆ పేజీని కళ్ళతో చదవగలిగిన మనిషి ఈ భూమ్మీద లేరు. నువ్వు అక్షరం పొల్లుపోకుండా చదివానన్నావు. బటన్ దగ్గర ఒక్క మెట్టు దిగానన్నావు. కళ్ళతో చూసేవాళ్ళు ఎక్కడైనా మెట్లు దిగుతారా? వేలు పెట్టి నొక్కేస్తారు. మెట్టు మెట్టుగా దిగేది స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళే. ప్రకటనలు మోగాయన్నావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం.

ఈ రోజు పొద్దున నీ రేడియో చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ప్రతి వాక్యం ముందు చిన్న విరామం. ఒక్క అడుగు వెనకగా.

ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. నిజం చెప్పు. నాకు ఎందుకు చెప్పలేదు?

నీ
వినా


సోలో

నా బంగారు వినాకి,

పాలు తాగాను. మూతి తుడుచుకోవడం మరిచిపోయాను.

నీకు పొగరుగా జవాబు రాసిన వారంలోనే జరిగింది. ఒకావిడ వాళ్ళమ్మ పోయిందని, ఆమెకిష్టమైన పాట వెయ్యమని రాసింది. భూతద్దం కింద నాకు ‘అమ్మ’, ‘పాట’ తప్ప ఏమీ అందలేదు. మిగతాది ఊహించి, అమ్మగారికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేశాను. నువ్వు ఆ పూట వినలేదు, విని ఉంటే రాసేదానివే. ఆవిడ ఫోను చేసి తిట్టలేదు, ఏడ్చింది. మైకు వదిలేస్తానని నీతో అన్నాను కదా, ఆ మధ్యాహ్నమే మేనేజరుకు చెప్పాలని బయల్దేరాను.

మా టెక్నీషియన్ హర్సోనో దారిలో ఆపాడు. “వదిలేసి ఇంట్లో ఏం చేస్తారమ్మా? గోడలకు వార్తలు చదువుతారా?” అన్నాడు. నీ సైటు చిరునామా నేనే ఇచ్చాను. అప్పటికింకా మల్లెలూ వెన్నెలలూ రాలేదు. మొదటి పేజీ అతను చదివిపెట్టాడు, స్క్రీన్ రీడర్ ఎక్కించాడు. రెండో పేజీ నుంచి నేనే చదువుకున్నాను. రేకు డబ్బా గొంతు అన్నానా? ఇప్పుడు అది వినపడకపోతే తోచదు. అన్నట్టు, ఆవిడకు నేనే ఫోను చేసి క్షమించమన్నాను. పాట కూడా వేశాను.

నీకెందుకు చెప్పలేదంటే, నాకు చూపు ఉన్నంతకాలమే మీకు నేను కావాలనుకున్నాను. ఇంజను ఆగిపోతే బోగీలు వేరే ఇంజను చూసుకుంటాయనే భయం. వెర్రిదాన్ని. నా గొంతులో ఒక్క తడబాటు వింటే నిద్రపట్టని దానివి నువ్వు.

ఇంకో సంగతి కూడా విను, ఇది నీకు తెలియదు. మొన్నటి ఉత్తరం పంపిన రెండు రోజులకు హర్సోనో నా వెనక నిలబడి, “ఖాళీ తెర ముందు కూర్చుని నవ్వుతున్నారేంటమ్మా?” అన్నాడు. నీ పేజీ తెల్లబోయిందని నాకు అప్పుడే తెలుసు. నీకు చెప్పేస్తే సరిపోయేది. ‘వినా, పేజీ కనిపించడం లేదే’ అని ఒక్క ముక్క రాస్తే, నా కళ్ళు భేషుగ్గా ఉన్నాయని నువ్వు జన్మంతా నమ్మేదానివి. అబద్ధానికి అంతకంటే మంచి కాపలా దొరకదు.

రాయడానికి కూర్చున్నాను కూడా. రాయబుద్ధి కాలేదు. అంతమంది కళ్ళున్నవాళ్ళకు ఏమీ కనిపించని పేజీలో నేను హాయిగా తిరుగుతున్నాను. నా చిన్నప్పటి నుంచి పేజీ అంటే కుస్తీ. నీ పేజీ ఒక్కటే నా దగ్గర ఏమీ దాచుకోలేదు. ఇంకో నాలుగు రోజులు ఉండనీ అనుకున్నాను. ఆ ముగ్గురి సంగతి తట్టలేదు, తట్టి ఉంటే ఆగేదాన్ని కాదు. వాళ్ళకు నా తరఫున కూడా క్షమాపణ చెప్పు.

ఆదివారం పొద్దున రైలుకు వస్తున్నాను. స్టేషను నుంచి హాస్టలుకు నడిచే వెళ్దాం, పాత పద్ధతిలోనే. ఈసారి నువ్వు ముందు నడువు. నీ భుజం మీద చెయ్యి నేను వేస్తాను. జాకెట్టు సరిగ్గా వేసుకుని రా, తిరగబడితే చెప్పేవాళ్ళెవరూ లేరు.

నీ వెనక బోగీ
లస్మిని