గేటు దగ్గర కూత

మల్లయ్యా,

బతికున్నన్నాళ్లూ నిన్ను పేరుపెట్టి పిలవలేదు. ఇప్పుడు ఆపేదెవరు?

నువ్వు పోయి నేటికి ఏడాది. మనవరాలు స్వప్న రైల్వే పరీక్షకు పోకుండా హాల్‌టికెట్‌ను నీ జెండాల పెట్టెలో దాచావు. "ఆడపిల్ల నడిపే బండికి మొగోళ్లం జెండా ఊపాల్నా?" అన్నావు. టికెట్ తీసిచ్చింది నేనే. ఉద్యోగమొచ్చాక, చచ్చేదాకా పిల్లతో మాట్లాడలేదు నువ్వు.

ఈ పొద్దున చిట్యాల దగ్గర నువ్వు కాపలా కాసిన గేటుకు పోయాను. కొత్త గేట్‌మన్ పచ్చజెండా పట్టుకుని లేచాడు.

"గిప్పుడొచ్చే గూడ్సు నడిపేది మల్లన్న మనుమరాలే గదా, అవ్వా?"

"కాదు బిడ్డా, నా మనుమరాలు."

స్వప్న దూరం నుంచే పొడుగ్గా కూత వేసింది. నీకోసమని మురవకు. గేటు ముందు కూత వేయడం రూలు, నీకు తెలిసిందే.

రూలుకన్నా కాస్త ఎక్కువసేపే వేసింది. ఎందుకని నేనడగను.