తట్టితే పలికే మైకు

మర్రిగూడ, 3 జూలై 2023

నేను చేసుకున్న పాత హ్యామ్ రేడియో సెట్టు పిడుగుకు పోయింది. కొత్త ట్రాన్సీవర్ దాని మైకుతో సహా వచ్చింది. ఉదయం ఏడింటికి దాంతోనే మహబూబ్‌నగర్ భిక్షపతిని పిలిచాను. ఇరవై రెండేళ్లుగా రోజూ రేడియోలో మాటలే. ముఖం చూసింది రెండుసార్లు. రెండోసారి ఒకరినొకరం గుర్తుపట్టలేదు. నోరు విప్పాకే తెలిసింది.

కాసేపు విని, గిదేం గొంతు ఐలన్నా, బ్యాంకోళ్ల ఫోన్ల మాట్లాడే పిల్లగాని లెక్కున్నది అన్నాడు. తర్వాత మామూలుగానే చెప్పాడు. గొంతులో క్యాన్సర్. వచ్చే సోమవారం హైదరాబాద్‌లో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. నా గొంతు ఎట్లాగూ పోతాంది, పోయేలోపు నీ పాత గొంతన్నా వినిపియ్యి అన్నాడు.

4 జూలై

పాత గొంతంటే పాత మైకు. ఎనభైలలో నల్గొండ పాత సామాన్ల కొట్లో దొరికిన నల్ల టెలిఫోన్ రిసీవర్. మీ ఇంట్ల ఫోన్ లేదు గదా, ఎందుకు అని కొట్టాయన అడిగాడు. అప్పుడు మా ఇంట్లో కరెంటే లేదు.

లోపల బొగ్గు రవ్వలుంటాయి. గడ్డకడితే వేలితో రెండుసార్లు తట్టాలి, అప్పుడే పలుకుతుంది. తలుపు కొట్టుకుంట వస్తడు పెద్దమనిషి అని భిక్షపతి ఎప్పుడూ ఎగతాళి.

5 జూలై

పాత మైకుకు కొత్త సెట్టు ప్లగ్ సోల్డర్ చేశాను. సైలెంట్.

6 జూలై

ఇంకా సైలెంట్. ఫోన్ ఉన్నది గదా, చెయ్యరాదూ అంటుంది మా ఆవిడ యాదమ్మ. ఫోన్‌లో మేమిద్దరం బాగున్నవా అంటే బాగున్నవా అని పెట్టేస్తాం. అది ఆమెకెలా చెప్పను?

8 జూలై, శనివారం

తప్పు నాదే. కొత్త సెట్టు మైకు పిన్ను మీద ఎనిమిది వోల్టులుంటాయి. ముసలి మైకుకు దెబ్బ తగులుతుందని, యూట్యూబ్ చూసి, మధ్యలో ఆ కరెంటును ఆపే కెపాసిటర్ పెట్టాను. వేరే పాత మైకులకైతే అది మంచిదే. బొగ్గు మైకుకు ఆ కరెంటే తిండి. మూడు రోజులు దాన్ని పస్తు పెట్టి, పలకవేమని తిట్టాను.

కెపాసిటర్ పీకేశాను. గెయిన్ బాగా తగ్గించాను. మాట్లాడితే మీటర్ లేచింది.

9 జూలై, ఆదివారం

ఏడింటికి రెండుసార్లు తట్టాను. రేడియోలో నా పేరు, కాల్‌సైన్, చెప్పకముందే, అగో, వచ్చిండు మా ఐలన్న, తలుపు తీసే ఉన్నది, రా అన్నాడు.

గంటన్నర. కందులు, రాని వాన, అతని అల్లుడు రెండుసార్లు గుద్దిన కొత్త బండి. ఆపరేషన్ ఊసు ఎత్తలేదు. ముగించేటప్పుడు వీడ్కోలుగా సెవెంటీ త్రీ చెప్పుకోవడం మా రేడియోవాళ్ల పద్ధతి. ఇద్దరమూ చెప్పలేదు.

12 జూలై

భిక్షపతి కూతురు సుచరిత ఫోన్ చేసింది. ఆపరేషన్ మంచిగయింది పెదనాయినా, మాట మాత్రం ఇగ రాదు అన్నది.

ఏడింటికి సెట్టు పెట్టడం మానలేదు. గరగర.

7 ఆగస్టు

ఏడు. తట్టాను. కాల్‌సైన్ చెప్పాను. ఆగాను.

అటునుంచి రెండు దెబ్బలు.

తలుపు తీసే ఉంది తమ్మీ, రా అన్నాను.