ఆ ‘కో’ నీది కాదు

ప్రియమైన అక్కకి,

ప్రేమ పొంగి కాదు, పనుండి రాస్తున్నాను. నువ్వు ఇంగ్లీషు టీచరువి కదా. మా ఇంట్లో పెరుగుతున్న పిడుగు గురించి పిల్లల సంక్షేమ ఆఫీసువాళ్ళు ఇంగ్లీషులో రిపోర్టు అడిగారు. బోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలు గీస్తానే గానీ, వాటిచేత మాట్లాడించడం నాకెక్కడొచ్చు? మమ్మల్ని ఫోస్టర్ తల్లిదండ్రులంటారు కదా అని ఆ మాటే అంతటా చల్లాను. పొద్దున పాలు ఫోస్టర్ చేశాం, తల ఫోస్టర్ చేశాం, జ్వరమొస్తే మందు ఫోస్టర్ చేశాం. ఆఫీసరమ్మ నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ కాపీ నీకూ పంపుతున్నాను, నువ్వూ నవ్వుకో.

పిల్ల వాళ్ళమ్మ ఆసుపత్రిలో చేరి, నయమయ్యేదాకా చూడమని దీన్ని మాకప్పగించేనాటికి దీనికి మాటలే రాలేదు. మొహం ఏం గుర్తుంటుంది? నీ మరదలు మాత్రం రోజూ ఆవిడ ఫోటో చూపించి ‘అమ్మ’ అనిపిస్తుంది, వేరే పని లేనట్టు. నిచ్చెనలెక్కి నా మోకాళ్ళు అరిగాయి. ఇంటికొచ్చి కూలబడితే ఈ పిల్ల నా మీసానికి రంగు పూస్తుంది. దీంతో వేగే ఓపిక లేదు, ఇది లేకుండా ఉండే ఓపిక అసలే లేదు.

ఇట్లు,
సగం మీసం ఆకుపచ్చగా ఉన్న నీ తమ్ముడు


ఒరేయ్ తమ్ముడూ,

పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది చెయ్యి లాగేస్తుంటే, పైన నీ పేపరొకటి. పాలు కాస్తారు, తల దువ్వుతారు. ఒక్కపూటలో అయిపోయే పనికి ఫోస్టర్ అనరు. దగ్గరుండి, మెల్లగా ఎదగనిచ్చేదానికే ఆ మాట. పిల్లల్నే కాదు, ధైర్యాన్నీ నమ్మకాన్నీ కూడా ఫోస్టర్ చెయ్యొచ్చు.

రిపోర్టు చివర్లో ‘అడాప్ట్’ అని రాశావు. అది పొరపాటు కాదని నాకు తెలుసు. ఫోస్టర్ అంటే పెంచడం, అడాప్ట్ అంటే పెంచుకోవడం. ఆ ‘కో’ నీది కాదురా.

నీ మేలు కోరే,
అక్క


అక్కా,

వాళ్ళమ్మకి నయమైందట. పిల్లని పంపడం మీద మా అభిప్రాయం రాసిమ్మన్నారు. ఆమె ఎవరో కూడా దీనికి తెలీదని, పంపితే బెంగతో చిక్కిపోతుందని గట్టి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి పంపు. ఆ ‘కో’ నీకు ఒక్క అక్షరం, మాకు ఇల్లంతా.

తమ్ముడు


ప్రియమైన అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలిసే అడిగానేమో.

నిన్న పిల్ల వాళ్ళమ్మ ఆఫీసుకొచ్చింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా లెమ్మంటారేమో అన్నట్టు కుర్చీ అంచున కూర్చుంది. ఆవిడ కనిపించగానే ‘మీరెవరండీ’ అనాలని పిల్లకి వారంగా నేర్పుతున్నాను. వేళాకోళంగానే మొదలెట్టానులే. పిల్ల తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“మీరెవరండీ?” అంది. ఆవిడ మొహం పాలిపోయింది. నాకు తలదించుకోవాలనిపించింది. అంతలో తన ప్రశ్నకి తనే జవాబు చెప్పినట్టు, “అమ్మ” అంది.

నా పాఠం, నీ మరదలి పాఠం వరసగా ఒప్పజెప్పేసిందన్నమాట. ఆవిడ నవ్వుతూనే ఏడ్చింది. నీ మరదలు పిల్ల బట్టల సంచి అందించి కిటికీ వైపు తిరిగింది.

అభిప్రాయం అక్కడే, నా చేత్తోనే రాశాను. “ఈ పిల్లలో వాళ్ళమ్మ మీద ప్రేమని మేము ఫోస్టర్ చేశాం. పంపండి.” ఆఫీసరమ్మ ఈసారి కళ్ళద్దాలు తియ్యలేదు.

నిజానికి ఆ పని చేసింది నీ మరదలొక్కతే. ‘మేము’ అని రాసి నేనూ అందులో దూరిపోయాను. గ్రామరు ప్రకారం తప్పయినా దిద్దకు.

ఇట్లు,
మీసం శుభ్రంగా ఉన్న నీ తమ్ముడు